కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టాక డిస్‌ప్లే రావడం లేదా? లోపాన్ని వరుసగా పట్టుకునే పద్ధతి

"కార్డు పెట్టాను, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే మాత్రం రావడం లేదు. కార్డు పోయిందంటారా?" నన్ను అందరూ పదే పదే అడిగే ప్రశ్న ఇదే.

చాలాసార్లు కార్డు పోయి ఉండదు. కేబులో, స్లాటో, బయోస్‌లో (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) ఒక సెట్టింగో, పాత డ్రైవరో అడ్డుపడుతూ ఉంటుంది. అది ఏదో తేలకపోవడానికి కారణం మన తొందరే. టెన్షన్‌లో కేబుల్ మార్చి, ర్యామ్ పీకి, బయోస్ అప్‌డేట్ చేసి, విండోస్ ఫార్మాట్ కొట్టేస్తాం. చివరికి డిస్‌ప్లే వచ్చినా ఏ పని వల్ల వచ్చిందో తెలియదు. వారం తర్వాత మళ్లీ పోతే కథ మొదటికొస్తుంది.

అందుకే ఈ పనంతటికీ ఒకటే నియమం: ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చిన వెంటనే ఆన్ చేసి చూడాలి. పక్కన ఒక కాగితం పెట్టుకుని ఏం మార్చారో, ఏమైందో రాసుకోండి.

1. ఏ దశలో ఆగుతోంది?

స్క్రూ డ్రైవర్ పట్టుకునే ముందు ఒక్కసారి ఆన్ చేసి గమనించండి.

- బోర్డు కంపెనీ లోగో కూడా రాకపోతే: 2 నుంచి 5 దాకా వరుసగా చూడండి.
- లోగో వచ్చి, విండోస్‌లోకి వెళ్లాక స్క్రీన్ నల్లబడినా, బొమ్మలు పెద్దవిగా మసకగా కనిపించినా: నేరుగా 6కి వెళ్లండి.
- మామూలు పనికి బాగానే ఉండి, గేమ్ లేదా రెండరింగ్ మొదలవగానే ఆగిపోతే: ముందు 4, తర్వాత 7.
- అంతా నడుస్తున్నా అనుకున్నంత వేగం లేకపోతే: 8.

ఈ ఒక్క నిమిషం చాలా పని తగ్గిస్తుంది. లోగో వచ్చిందంటే కార్డుకు కరెంటు అందుతోంది, స్లాట్ పనిచేస్తోంది, మానిటర్ కేబుల్ బాగుంది. ఇక క్యాబినెట్ విప్పే అవసరం దాదాపు ఉండదు.

2. క్యాబినెట్ తెరవకుండా చూడాల్సినవి

మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టారో చూడండి. క్యాబినెట్ వెనక పైభాగంలో యూఎస్‌బీ పోర్టుల పక్కన ఉండే హెచ్‌డీఎంఐ మదర్‌బోర్డుది. దాని కింద అడ్డంగా, విడిగా ఉన్నవి కార్డువి. కేబుల్ కార్డులోనే ఉండాలి. ఇన్నాళ్లూ పైన పెట్టిన అలవాటుతో చెయ్యి మళ్లీ అక్కడికే వెళ్తుంది.

ఆ తర్వాత ఇవి:

- కార్డు పోర్టులకు, కేబుల్ చివరకు ప్లాస్టిక్ మూతలు ఉంటే తీశారా?
- మానిటర్ మెనూలో ఇన్‌పుట్ సరిగ్గా ఎంచుకున్నారా? ఆటో మీద వదిలేయకండి.
- కార్డుకున్న వేరే పోర్టులో పెట్టి చూశారా?
- రెండు మానిటర్లు ఉంటే ఒక్కటే ఉంచారా?
- కన్వర్టర్ వాడుతుంటే అది లేకుండా ప్రయత్నించారా? డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చాలా కన్వర్టర్లు ఒకవైపే పనిచేస్తాయి. తిప్పి పెడితే ఏమీ రాదు.

కంప్యూటర్ కూడా కొత్తదైతే కాస్త ఓపిక పట్టండి. డీడీఆర్5 (కొత్త తరం ర్యామ్) బోర్డులు మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ను సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి. అంతసేపూ స్క్రీన్ నల్లగానే ఉంటుంది. ఆ మధ్యలో పవర్ బటన్ నొక్కి ఆపేస్తే మళ్లీ మొదటినుంచీ మొదలుపెడుతుంది.

3. కార్డు స్లాట్‌లో పూర్తిగా కూర్చుందా?

ముందు జాగ్రత్తలు. కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పెట్టె) వెనక స్విచ్ ఆపి, గోడ ప్లగ్ తీసేయండి. తర్వాత పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు ఖాళీ అవుతుంది. కార్డును తాకే ముందు క్యాబినెట్‌లో పెయింట్ లేని ఇనుప భాగాన్ని చేత్తో ముట్టుకోండి. కార్పెట్ మీద కూర్చుని ఈ పని చేయకండి.

క్యాబినెట్‌ను పక్కకు పడుకోబెట్టండి. నిలబెట్టి ఉంచితే కార్డు బరువు స్లాట్‌ను కిందికి లాగుతుంది. అప్పుడు సరిగ్గా కూర్చున్నదీ లేనిదీ తెలియదు.

ఇప్పుడు మొబైల్ టార్చ్ వేసి స్లాట్ అంచును పక్కనుంచి చూడండి. కార్డు అడుగున ఉండే బంగారు రంగు పట్టీ పూర్తిగా లోపలికి వెళ్లిపోవాలి. ఒకవైపు మునిగి, రెండోవైపు సన్నటి బంగారు గీత కనిపిస్తే కార్డు ఏటవాలుగా కూర్చుందన్నమాట.

ఇది నాకు ఒకసారి ఎదురైంది. మూడు కేబుళ్లు మార్చినా, బయోస్ రీసెట్ చేసినా డిస్‌ప్లే రాలేదు. టార్చ్ వేసి చూస్తే, వెనక బ్రాకెట్ వైపు పట్టీ లోపలే ఉంది, రెండో చివర మాత్రం గోరు మందాన గీత మెరుస్తోంది. నేను చేసిన పొరపాటల్లా స్లాట్ లాక్ పడకముందే బ్రాకెట్ స్క్రూ బిగించడం. స్క్రూ బిగిసేకొద్దీ కార్డు ఒక చివర దిగి రెండో చివర లేచింది. స్క్రూ వదులు చేసి, రెండు బొటనవేళ్లతో కార్డు అంచును సమానంగా నొక్కాను. "టిక్" అని లాక్ పడింది. ఆన్ చేయగానే లోగో వచ్చింది.

కాబట్టి వరుస ఇలా ఉండాలి:

1. స్లాట్ చివర ఉండే లాక్‌ను వెనక్కి నొక్కి, స్క్రూలు తీసి, కార్డును నిటారుగా పైకి తీయండి. లాక్ వదలకుండా లాగితే స్లాటే విరుగుతుంది.
2. స్లాట్‌లో దుమ్ము, నురగ ముక్కలు, ప్యాకింగ్ ప్లాస్టిక్ ఏమైనా ఉన్నాయా చూడండి.
3. బంగారు పట్టీ మీద వేలిముద్రలు, మరకలు ఉంటే మెత్తటి బట్టకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిచి, ఆరనివ్వండి.
4. ప్రాసెసర్‌కు దగ్గరగా ఉన్న మొదటి పొడవాటి స్లాట్‌లోనే పెట్టండి. చాలా బోర్డుల్లో కింది పొడవాటి స్లాట్లకు పూర్తి వేగం ఉండదు.
5. "టిక్" వినిపించాకే బ్రాకెట్ స్క్రూలు బిగించండి.
6. స్క్రూలు బిగించాక మరోసారి టార్చ్ వేసి చూడండి.

పొడవైన, బరువైన కార్డు కొన వాలిపోతుంటే కింద ఆధారం పెట్టాలి. చాలా కార్డుల పెట్టెలో ఇప్పుడు ఆ స్టాండు కూడా ఇస్తున్నారు.

కార్డును నిలువుగా పెట్టడానికి రైజర్ కేబుల్ వాడుతున్నారా? పరీక్ష పూర్తయ్యేదాకా దాన్ని తీసేసి నేరుగా బోర్డులో పెట్టండి. పీసీఐఈ (ఈ స్లాట్ ప్రమాణం) 3.0 రైజర్‌కు 4.0 కార్డు తగిలిస్తే డిస్‌ప్లే రాకపోవడం, మధ్యలో పోవడం మామూలే. ఆ రైజరే వాడాలనుకుంటే బయోస్‌లో స్లాట్ వేగాన్ని ఆటో నుంచి జెన్3కి (అంటే 3.0కి) మార్చండి.

4. పవర్ కేబుళ్లు

స్లాట్ ద్వారా కార్డుకు అందేది గరిష్ఠంగా 75 వాట్లు. మిగతాదంతా ఎస్‌ఎంపీఎస్ నుంచి విడి కేబుళ్లలో రావాలి. 6 పిన్ల కనెక్టర్‌కు 75, 8 పిన్ల కనెక్టర్‌కు 150 వాట్లు లెక్క. కొత్తగా వచ్చిన 16 పిన్ల కనెక్టర్ 600 వాట్ల దాకా మోస్తుంది.

కార్డు మీద ఎన్ని పవర్ సాకెట్లు ఉంటే అన్నీ నిండాలి. ఒకటి ఖాళీగా వదిలితే ఫ్యాన్లు తిరుగుతూనే ఉండి డిస్‌ప్లే రాకపోవచ్చు. ఫ్యాన్ తిరగడం ఒక్కటే చూసి కార్డుకు కరెంటు సరిపోతోందనుకోకూడదు. కొన్ని కార్డులు పవర్ కేబుల్ పెట్టమని స్క్రీన్ మీదే సందేశం చూపిస్తాయి. మరికొన్నింట్లో సాకెట్ పక్కన ఎర్ర లైటు వెలుగుతుంది.

ఇక్కడ జరిగే నాలుగు పొరపాట్లలో మొదటి రెండూ, చివరిదీ ప్రమాదకరమైనవి కూడా.

సీపీయూ కేబుల్‌ను కార్డుకు పెట్టడం. రెండూ 8 పిన్లే కాబట్టి పొరబడతారు. విడదీసి చూడండి: 6+2గా విడిపోయేది కార్డుది, 4+4గా విడిపోయేది ప్రాసెసర్‌ది. వీటిలో 12 వోల్టులు, గ్రౌండ్ ఉండే వరుసలు తలకిందులుగా ఉంటాయి. మామూలుగా పట్టదు, కానీ బలంగా నొక్కితే ఒక్కోసారి దూరుతుంది. ఎక్కడైనా బలం వాడాల్సి వస్తుంటే ఆగిపోండి.

వేరే ఎస్‌ఎంపీఎస్ కేబుల్ వాడటం. మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీయగలిగే) ఎస్‌ఎంపీఎస్‌లలో కార్డు వైపు చివర అందరికీ ఒకటే, ఎస్‌ఎంపీఎస్ వైపు చివర మాత్రం కంపెనీకో రకం. ఒకే కంపెనీలోనూ మోడల్‌ను బట్టి మారుతుంది. పాత కేబుల్ కొత్త ఎస్‌ఎంపీఎస్‌కు పట్టినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. కార్డు, బోర్డు రెండూ కాలిపోవచ్చు.

ఒకే కేబుల్‌కు ఉన్న రెండు తలలూ వాడటం. తక్కువ కరెంటు తీసుకునే కార్డుకు ఇది నడుస్తుంది. పెద్ద కార్డుకు మాత్రం ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు లాగండి. లోడ్ పడినప్పుడు కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంటే ముందుగా మార్చాల్సింది ఇదే.

16 పిన్ల ప్లగ్‌ను సగమే దింపడం. ప్లగ్‌కూ సాకెట్‌కూ మధ్య ఖాళీ అసలు కనిపించకూడదు. సాకెట్ దగ్గర మొదటి 35 మిల్లీమీటర్లలో కేబుల్‌ను వంచకండి. సగం దిగిన ప్లగ్ వేడెక్కి కరిగిపోవచ్చు. కాలిన ప్లాస్టిక్ వాసన వస్తే వెంటనే ఆపేయండి, మరోసారి ఆన్ చేసి చూడకండి.

ఎస్‌ఎంపీఎస్ ఎంత ఉండాలి? కార్డు వాట్లొక్కటే కాక మొత్తం సిస్టమ్‌ను లెక్కలోకి తీసుకుని కంపెనీయే చెబుతుంది. ఉదాహరణకు ఆర్‌టీఎక్స్ 4060 తీసుకునేది 115 వాట్లు, సూచించిన ఎస్‌ఎంపీఎస్ 550. ఆర్‌టీఎక్స్ 4070కి 200, 650. ఆర్‌టీఎక్స్ 4090కి 450, 850. నా సలహా ఏమిటంటే, ఏళ్ల తరబడి వాడిన ఎస్‌ఎంపీఎస్ అయితే స్టిక్కరు మీది అంకెను పూర్తిగా నమ్మకండి. ఆధునిక కార్డులు లిప్తపాటులో మామూలు కంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతాయి. అందుకే ఎస్‌ఎంపీఎస్‌లకు ఉన్న ఏటీఎక్స్ 3.0 ప్రమాణం 100 మైక్రోసెకన్ల పాటు రెట్టింపు లోడ్‌ను కూడా తట్టుకోవాలని నిర్దేశించింది.

5. బోర్డు ఏం చెబుతోంది? బయోస్‌లో ఏం మార్చాలి?

చాలా బోర్డుల మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లు ఉంటాయి. ఆన్ చేసినప్పుడు ఒక్కొక్కటీ వెలిగి ఆరిపోవాలి. వీజీఏ దగ్గర ఆగితే కార్డు, స్లాట్, పవర్ మళ్లీ చూడండి. డీర్యామ్ దగ్గర ఆగితే కార్డును వదిలేయండి. కార్డు పెడుతున్నప్పుడు చెయ్యి తగిలి ర్యామ్ కదిలి ఉంటుంది, తీసి మళ్లీ నొక్కి పెట్టండి.

లైట్లు ఏమీ తేల్చకపోతే కార్డు తీసి, మానిటర్‌ను మదర్‌బోర్డు పోర్టుకు పెట్టి ఆన్ చేయండి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే దానిలో గ్రాఫిక్స్ ఉండవు. రైజెన్ 5000 డెస్క్‌టాప్ వరుసలో పేరులో జీ ఉన్నవాటికే ఉంటాయి. వాటికి ఈ పరీక్ష కుదరదు, పాత కార్డు పెట్టి చూడాలి.

అలా డిస్‌ప్లే వస్తే బయోస్‌లోకి వెళ్లి ఇవి ఒక్కొక్కటిగా చూడండి:

- ప్రైమరీ డిస్‌ప్లే అనే చోట పీసీఐఈ లేదా పీఈజీ ఎంచుకోండి.
- సీఎస్‌ఎం (పాత పద్ధతిలో బూట్ అయ్యేందుకు ఉంచిన సెట్టింగ్) ఆన్‌లో ఉందా? కొత్త కార్డుకు అది ఆఫ్‌లో ఉండాలి. చాలా పాత కార్డుకైతే ఆన్‌లో ఉండాల్సి రావచ్చు.
- బోర్డు కంపెనీ సైట్‌లో కొత్త బయోస్ ఉందా? అప్‌డేట్‌ను చివరి ప్రయత్నంగా ఉంచుకోండి. మధ్యలో కరెంటు పోతే బోర్డే పోవచ్చు.

సీఎస్‌ఎం ఆఫ్ చేసే ముందు విండోస్‌లో ఎంఎస్‌ఇన్ఫో32 (సిస్టమ్ ఇన్ఫర్మేషన్) తెరిచి బయోస్ మోడ్ చూడండి. యూఈఎఫ్‌ఐ అని ఉంటే ఇబ్బంది లేదు. లెగసీ అని ఉంటే డిస్క్ పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉన్నట్టు. సీఎస్‌ఎం తీసేస్తే విండోస్ లోడ్ అవదు. విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ అనే టూల్‌తో దాన్ని కొత్త జీపీటీ పద్ధతికి మార్చవచ్చు. ముందు బ్యాకప్ తీసుకోవడం మాత్రం తప్పనిసరి.

బయోస్ ఒక్కసారి కూడా తెరుచుకోకపోతే సీమాస్ రీసెట్ చేయండి, అంటే బయోస్ సెట్టింగులన్నీ మొదటికి తేవడం. ప్లగ్ తీసేసి, బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీని పది నిమిషాలు బయట ఉంచి తిరిగి పెట్టండి. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) ఆన్‌లో ఉన్నవాళ్లు రికవరీ కీ ఎక్కడుందో ముందే చూసుకోవాలి. బయోస్‌లో మార్పు జరిగితే విండోస్ ఆ కీ అడగవచ్చు. అప్పుడు వెతుక్కుంటే లాభం లేదు.

6. విండోస్‌లోకి వచ్చాక: డ్రైవర్

డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరవండి. మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని కనిపిస్తే కార్డు డ్రైవర్ ఎక్కలేదు. కార్డు పేరు పక్కన పసుపు గుర్తు ఉంటే దాన్ని రెండుసార్లు క్లిక్ చేసి కోడ్ చూడండి.

- కోడ్ 28: డ్రైవర్ లేదు. ఎక్కించండి.
- కోడ్ 12: కార్డుకు కావాల్సిన మెమరీ చిరునామాలు దొరకలేదు. బయోస్‌లో ఎబవ్ 4జీ డీకోడింగ్ ఆన్ చేయండి.
- కోడ్ 43: కార్డు తనలో సమస్య ఉందని చెప్పడంతో విండోస్ దాన్ని ఆపేసింది. ముందు డ్రైవర్ శుభ్రంగా మార్చండి. అయినా వస్తుంటే కార్డును అనుమానించాలి.

పాతదీ కొత్తదీ ఒకే కంపెనీ కార్డులైతే మామూలుగా కొత్త డ్రైవర్ పైన ఎక్కిస్తే సరిపోతుంది. ఏఎండీ నుంచి ఎన్విడియాకో, ఎన్విడియా నుంచి ఇంటెల్‌కో మారితే పాతదాన్ని వేళ్లతో సహా తీయడం మంచిది. దానికి డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్, అందరూ డీడీయూ అనేది, వాడండి.

1. కొత్త డ్రైవర్‌ను కార్డు చిప్ కంపెనీ సైట్ నుంచి ముందే దించుకోండి.
2. ఇంటర్నెట్ ఆపేయండి. ఇది మరిచిపోతే మీరు తీసిన వెంటనే విండోస్ అప్‌డేట్ తన దగ్గరున్న పాత డ్రైవర్‌ను ఎక్కించేస్తుంది.
3. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డీడీయూ నడపండి, పాత కార్డు కంపెనీని ఎంచుకుని క్లీన్ అండ్ రీస్టార్ట్ నొక్కండి.
4. మామూలు మోడ్‌లో కొత్త డ్రైవర్ ఎక్కించండి. మధ్యలో స్క్రీన్ ఒకటి రెండుసార్లు నల్లబడుతుంది, కంగారు పడకండి.
5. రీస్టార్ట్ చేసి, ఆ తర్వాతే ఇంటర్నెట్ ఆన్ చేయండి.

డెస్క్‌టాప్ వచ్చి ఒక్కసారిగా స్క్రీన్ నల్లబడితే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ కీలు నాలుగూ కలిపి నొక్కండి. డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. ఆ తర్వాత డిస్‌ప్లే వస్తే సమస్య సాఫ్ట్‌వేర్ వైపు ఉందని చాలా వరకు అనుకోవచ్చు.

7. గేమ్ మొదలవగానే ఆగిపోతుంటే

ఎలా ఆగుతోందన్నది చూడండి.

కంప్యూటర్ మొత్తం ఠక్కున రీస్టార్ట్ అవుతుంటే ముందుగా ఎస్‌ఎంపీఎస్‌ను, పవర్ కేబుళ్లను అనుమానించాలి. ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ తన లోపాలను రాసుకునే చోటు) కెర్నల్ పవర్ 41 కనిపిస్తుంది. అది కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే రీస్టార్ట్ అయిందని మాత్రమే చెబుతుంది, కారణం చెప్పదు. తేల్చుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌లో కార్డు పవర్ లిమిట్‌ను 70 శాతానికి తగ్గించి అదే గేమ్ ఆడండి. రీస్టార్టులు ఆగిపోతే కరెంటు సరఫరాలోనే తేడా ఉండే అవకాశం ఎక్కువ.

స్క్రీన్ ఒక క్షణం నల్లబడి తిరిగొస్తుంటే డ్రైవర్ స్పందించక విండోస్ దాన్ని మళ్లీ మొదలుపెట్టింది. ఈవెంట్ వ్యూయర్‌లో 4101 ఉంటుంది. డ్రైవర్ మార్చి చూడండి, ఒక్కోసారి ఒక వెర్షన్ వెనక్కి వెళ్తేనే కుదురుతుంది. ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో బయోస్‌లో ఆన్ చేసి ఉంటే తాత్కాలికంగా ఆఫ్ చేయండి. ర్యామ్ తప్పులు కార్డు మీద పడటం నేను చాలాసార్లు చూశాను.

పది నిమిషాలకు నెమ్మదించి ఆగుతుంటే వేడి చూడండి. లోడ్‌లో 80 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఉండటం చాలా కార్డులకు మామూలే. అంతకంటే పైకి పోతూ వేగం పడిపోతుంటే క్యాబినెట్ పక్క తలుపు తీసి మళ్లీ ఆడండి. వేడి బాగా తగ్గితే కార్డు మంచిదే, క్యాబినెట్‌లో గాలి ఆడటం లేదు.

గంటల తరబడి ఫర్‌మార్క్ లాంటి లోడ్ పరీక్ష పెట్టి కార్డును హింసించక్కర్లేదు. పది పదిహేను నిమిషాల పరీక్ష, తర్వాత మీరు నిజంగా ఆడే గేమ్ ఒక గంట, చాలు.

8. పనిచేస్తోంది, వేగం మాత్రం లేదు

మొదట విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేటు చూడండి. 144 హెర్ట్జ్ మానిటర్ కొత్త కార్డుతో 60 మీదే ఆగిపోయి ఉండవచ్చు.

తర్వాత కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్ తెరిచి బస్ ఇంటర్‌ఫేస్ గడి చూడండి. కార్డుకు పనేమీ లేనప్పుడు 1.1 అని చూపిస్తే అది లోపం కాదు, కరెంటు ఆదా కోసం తగ్గుతుంది. పక్కనున్న ప్రశ్న గుర్తు నొక్కి లోడ్ పరీక్ష పెడితే అసలు అంకె వస్తుంది. ఎక్స్ పక్కన ఉండేది స్లాట్‌తో మాట్లాడే దారుల సంఖ్య; ఎక్స్16 కార్డు ఎక్స్4 అని చూపిస్తే తప్పు స్లాట్‌లో పెట్టారు, లేదా ఎం.2 ఎస్‌ఎస్‌డీ ఆ దారిని పంచుకుంటోంది. ఆర్‌టీఎక్స్ 4060, ఆర్‌ఎక్స్ 7600 లాంటివి పుట్టుకతోనే ఎక్స్8, వాటి గురించి బెంగ వద్దు.

ఇంటెల్ ఆర్క్ కార్డుకు బయోస్‌లో రీసైజబుల్ బార్ ఆన్ చేయకపోతే వేగం బాగా పడిపోతుంది.

ఫ్యాన్లు తిరగడం లేదని కూడా చాలామంది అడుగుతారు. చాలా కార్డులు చల్లగా ఉన్నప్పుడు ఫ్యాన్లను పూర్తిగా ఆపేస్తాయి. లోడ్ పెట్టాక కూడా తిరగకపోతేనే సమస్య. లోడ్‌లో సన్నగా కీచుమనే శబ్దం కాయిల్స్‌ది, వినడానికి చిరాకే కానీ కార్డుకు హాని లేదు.

9. కార్డుదే లోపమని ఎప్పుడు తేల్చాలి?

గీతలు, రంగు చుక్కలు విండోస్‌లోనే కాక బయోస్ స్క్రీన్ మీద కూడా కనిపిస్తే అది డ్రైవర్ పని కాదు. కేబుల్, మానిటర్ మార్చినా అవే కనిపిస్తే కార్డు లోపమే.

మిగతా సందర్భాల్లో రెండు పరీక్షలూ కావాలి. ఈ కార్డు మరో కంప్యూటర్‌లోనూ పనిచేయకూడదు, మరో కార్డు ఈ కంప్యూటర్‌లో పనిచేయాలి. ఒక్కదానితో నిర్ణయించుకోకండి.

క్లాక్‌ను 50 నుంచి 100 మెగాహెర్ట్జ్ తగ్గిస్తే బాగా నడుస్తోందని సర్దుకుపోయేవాళ్లున్నారు. కొత్త కార్డు విషయంలో అలా చేయకండి. పెట్టె మీద రాసిన వేగంతో నడవని కార్డును వెనక్కి ఇవ్వాల్సిందే, అదీ రిటర్న్ గడువు ఉన్నప్పుడే.

వెనక్కి పంపే ముందు:

- హీట్‌సింక్ విప్పకండి, స్టిక్కర్లు చింపకండి.
- మీరు మొదటినుంచీ రాసుకున్న కాగితంలోంచి ఏ పరీక్షకు ఏమైందో నాలుగు వరుసల్లో రాసి పెట్టండి. "పనిచేయడం లేదు" అని ఒక్క ముక్క రాస్తే వాళ్లు మళ్లీ మొదటినుంచీ అడుగుతారు.
- లోపం కనిపిస్తున్నప్పుడు మొబైల్‌తో వీడియో తీసి ఉంచండి.
- బంగారు పట్టీ, పవర్ సాకెట్, సీరియల్ నంబరు స్టిక్కరు ఈ మూడింటి ఫోటోలు దగ్గరగా తీయండి.
- యాంటీ స్టాటిక్ కవర్‌లో పెట్టి, పోర్టుల మూతలు తిరిగి తొడిగి, దాని సొంత నురగ అచ్చులోనే ప్యాక్ చేయండి.